దొడ్లో గుంటగలగర: కొబ్బరి నీడన పెంచడం, నూనె కాయడం, కాటుక పట్టడం

తలనూనెలో వేసే గుంటగలగరాకు పొడి వంద గ్రాములు ఆన్‌లైన్లో ఎంతకి అమ్ముతున్నారో ఒకసారి చూడండి. చూశాక మీ వీధి చివర పంట బోదె (చేలకి నీళ్ళు పారే చిన్న కాలవ) దగ్గరకి వెళ్ళి గట్టు మీద కాళ్ళ దగ్గర ఏం మొలిచి ఉందో చూడండి. గోదావరి డెల్టాలో పుట్టి ఈ ఆకు కొనుక్కోవడమంటే కొబ్బరికి పేరుపడ్డ అంబాజీపేటలో కూర్చుని కొబ్బరికాయ పార్సిల్ తెప్పించుకున్నట్టే.

అలాగని బోదె గట్టున కనపడిందల్లా పీక్కొచ్చి నూనెలో వేసెయ్యమని నేను అనడం లేదండోయ్. అక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకటి, మీరు తెచ్చింది గుంటగలగర కాకపోవచ్చు. రెండు, అది నిజంగా గుంటగలగరే అయినా తాగిన నీళ్ళు మంచివి కాకపోవచ్చు. అందుకే నా మాట ఏమిటంటే ఒక్కసారి సరైన మొక్కని గుర్తుపట్టి నాలుగు కొమ్మలు తెచ్చుకోండి, దొడ్లో కొబ్బరి చెట్ల మధ్య మంచమంత జాగాలో పెంచుకోండి, ఇక ఎవరి గట్టూ తొక్కక్కర్లేదు.

ముందు పేరు సంగతి. గుంటగలగర అన్నా గుంటగరగర అన్నా ఒకటే, సంస్కృతంలో భృంగరాజం, కేశరాజం అనీ అంటారు. గలిజేరు మాత్రం పూర్తిగా వేరే మొక్క, పేరు దగ్గరగా ఉందని ఒకదానికి ఒకటి తెచ్చేవాళ్ళని చూశాను. గుంటగలగర చామంతి కుటుంబానిది. బంతి, పొద్దుతిరుగుడు, చివరికి మనందరి ప్రాణానికీ తగులుకున్న వయ్యారిభామ కూడా ఆ కుటుంబమే. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి ఒక గుత్తి, దాన్లో చిన్న చిన్న పూలు కిక్కిరిసి ఉంటాయి.

గుర్తుపట్టడం దగ్గర కాస్త నిదానంగా ఉండండి, మిగతాదంతా తేలికే. కొమ్మ మీద ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి, సన్నగా పొడుగ్గా, అంచున పెద్దగా పళ్ళు లేకుండా. ఆకు మీద వేలితో రాస్తే గరగరలాడుతుంది, ఎండలో పట్టుకుని చూస్తే పొట్టి తెల్లటి నూగు ఆకుకి అంటుకుని పడుకుని ఉంటుంది. కాడ చాలాసార్లు ఊదా రంగు తిరిగి ఉంటుంది. పువ్వు చొక్కా గుండీ కంటే చిన్నది, తెల్లటిది, మధ్యలో కూడా తెలుపే. ఆకు మొదట్లోంచి పొట్టి కాడ మీద ఒకటో రెండో వస్తాయి. రేకులు ఎంత సన్నగా ఉంటాయంటే దారప్పోగులు కత్తిరించి అంచున గుచ్చినట్టుంటుంది. రేకులు రాలాక పచ్చటి చక్రం మిగులుతుంది, దాన్ని తిరగేసి చూస్తే బుల్లి పొద్దుతిరుగుడు తలకాయే.

ఇక అసలు పరీక్ష. రెండు లేత ఆకులు అరచేతిలో వేసుకుని బొటనవేలితో గట్టిగా నలపండి. మొదట మామూలు పచ్చటి పసరే వస్తుంది. చెయ్యి కడుక్కోకుండా కాసేపు ఆగండి. పసరు నల్లబడుతుంది, వేళ్ళ గీతల్లో ఇంకు పూసినట్టు నీలి నలుపు దిగుతుంది. కాడని విరిచినా అంతే, విరిగిన చోట కాసేపటికి నలుపు తిరుగుతుంది. పూర్వం పచ్చబొట్టు పొడిచేవాళ్ళు ఈ పసరు వాడింది ఈ గుణం వల్లే. నల్లబడకపోతే ఆ మొక్క గుంటగలగర కాదు, పక్కన పడెయ్యండి.

ఎక్కువమంది పొరపడేది గడ్డిచామంతితో. మేం చిన్నప్పుడు కాడ మెలేసి తల ఎగరగొట్టి ఆడుకునేవాళ్ళం, ఆ పువ్వే. దానికి జానెడు కాడ మీద ఒంటి పువ్వు, మధ్యలో పసుపు, చుట్టూ ఐదారు వెడల్పు రేకులు, రేకు చివర మూడు గాట్లు. అది పొడి నేలలో, రోడ్డు పక్కన, గోడ బీటల్లో కూడా మొలుస్తుంది, మన గుంటగలగరకి తడి కావాలి. ఇంకా అనుమానంగా ఉంటే ముదిరిన తల ఒకటి తుంచి అరచేతిలో నలిపి ఉఫ్ అని ఊదండి. గడ్డిచామంతి గింజలకి పీచు గొడుగు ఉంటుంది కాబట్టి ఎగిరిపోతాయి. గుంటగలగర గింజలు నల్లగా, గరుగ్గా, బరువుగా చేతిలోనే ఉంటాయి. దాని శాస్త్రనామం ఎక్లిప్టా ప్రోస్ట్రాటా. ఎక్లిప్టా అనే గ్రీకు మాటకి లోపం అని అర్థం, గింజకి ఆ పీచు లేకపోవడం చూసి పెట్టిన పేరు. గాలికి ఎగరలేని గింజ కాబట్టి నీళ్ళు మోసుకెళ్తాయి, కాళ్ళకి అంటిన బురదలో ప్రయాణం చేస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, ఆ కాలవల నీళ్ళు ఊరూరా పారాయి, ఈ మొక్కకి అంతకంటే మంచి రహదారి ఎక్కడ దొరుకుతుంది చెప్పండి.

ఇక నేను మోసపోయిన సంగతి కూడా చెప్పేస్తాను. ఒక నర్సరీలో గుంటగలగర ఉందా అని అడిగితే ఆయన ఏమాత్రం తడుముకోకుండా పచ్చపూల గుంటగలగర అండీ, ఇదే అసలుది అని పది సంచులు కట్టించాడు. ఆకు నున్నగా మెరుస్తూ మూడు కొనలతో ఉంది, పువ్వు పసుపు. నేను కూడా నాటేశాను. రెండు వర్షాకాలాలు గడిచేసరికి మా దొడ్లో పసుపు కొమ్ములు లేవు, కందగడ్డలు లేవు, నూతి చప్టా వరకూ పచ్చటి తివాచీ. తర్వాత తెలిసింది, అది వెడీలియా అనే అమెరికా తీగ, హోటళ్ళ ముందు, రోడ్డు డివైడర్ల మీద అందం కోసం వేస్తారు. ప్రపంచంలో అన్నిటికంటే మొండిగా ఆక్రమించే వంద జీవుల జాబితాలో దాని పేరు ఉంది. న్యాయంగా చెప్పాలంటే పసుపు పూల గుంటగలగర అని మన దేశపుది ఒకటి నిజంగానే ఉంది, వైద్యులు దాన్నీ వాడతారు, దాని ఆకు మూడు కొనలుగా చీలదు. ఆయనకి తేడా తెలీదో, తెలిసే అంటగట్టాడో నాకు అర్థం కాలేదు. మీరు మాత్రం పువ్వు తెల్లగా ఉంటేనే తీసుకోండి.

కొమ్మలు ఎక్కడి నుంచి తెచ్చినా ఫరవాలేదు, ఎందుకంటే కొత్తగా మీ దొడ్లో వచ్చే చిగురు మీ నీళ్ళే తాగుతుంది. కానీ ఆకు వాడుకోవడానికి మాత్రం చేల గట్ల మీద కొయ్యకండి. వరి రైతుకి ఇది కలుపు మొక్క, సార్వాలో (వానాకాలం పంట) అయినా దాళ్వాలో (రెండో పంట) అయినా 2,4-డి లాంటి కలుపుమందు కొట్టేది ఇలాంటి వెడల్పాకు కలుపు మీదే. చేపల, రొయ్యల చెరువుల నీళ్ళు వదిలే మురుగు కాలవ పక్కన ఇది భలే ఏపుగా ఉంటుంది, ఆ ఏపు చూసి మురిసిపోకండి. కొబ్బరి తోటలో కూడా ఒక మాట అడిగి కొయ్యండి. చెట్టుకి వేరు ద్వారా పురుగుమందు ఎక్కించి ఉంటే ఆ చెట్టు పాదులో ఆకు మనకి వద్దు.

పెంచడం ఎలాగో చూద్దాం. కొబ్బరి నీడ అంతా ఒకలా ఉండదు. పది పదిహేనేళ్ళ చెట్ల కింద నీడ చిక్కగా ఉంటుంది, అక్కడ వేస్తే మొక్క పొడుగ్గా సాగి నీరసంగా పడిపోతుంది. పాతికేళ్ళు దాటిన చెట్లయితే మట్టలు పైకి వెళ్ళిపోయి కింద వెలుతురు చిలకరించినట్టు పడుతుంది, అది బ్రహ్మాండంగా సరిపోతుంది. పొద్దున రెండు మూడు గంటలు ఎండ తగిలే చోటు చూడండి. నిజానికి పూర్తి ఎండలో కూడా పెరుగుతుంది, కాకపోతే ఆకు చిన్నదై ముదురుగా, గరుకు ఎక్కువగా వస్తుంది. నీడలో ఆకు వెడల్పుగా, లేతగా ఉండి రసం బాగా దిగుతుంది. ఇంకో సంగతి, పైన మట్ట ఎప్పుడు రాలుతుందో తెలీదు కాబట్టి సరిగ్గా చెట్టు మొదట్లో కాకుండా రెండు చెట్ల మధ్య వేసుకోండి, మీరు అక్కడ కూర్చుని ఆకు కోయాల్సి ఉంటుంది మరి.

నేల గురించి మనకి బెంగ అక్కర్లేదు. ఒండ్రు మట్టి, తడి నిలిచే నేల, అదే దానికి కావాలి. నూతి చప్టా నుంచి నీళ్ళు పారే దారి, బోరు పంపు కింద ఎప్పుడూ చెమ్మగా ఉండే మూల అయితే మరీ మంచిది, సబ్బు నీళ్ళు మాత్రం అటు పోకూడదు. మట్టిని గునపంతో బెత్తెడు లోతు గుల్ల చేసి, బాగా మాగిన పశువుల ఎరువు రెండు తట్టలు కలిపితే చాలు. యూరియా వెయ్యకండి, వేస్తే ఆకు నీళ్ళోడి ఉంటుంది.

కొమ్మలతో వెయ్యడం అన్నిటికంటే తేలిక. జానెడు కొమ్మ కోసి, కింది ఆకులు తీసేసి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా పడుకోబెట్టి పైన మట్టి నొక్కండి. కణుపు దగ్గర వేరు తొడగడం ఈ మొక్కకి పుట్టుకతో వచ్చిన విద్య. కాలవ గట్టున పడి ఉన్న కొమ్మని లేపి చూడండి, ప్రతి కణుపు దగ్గరా తెల్లటి వేళ్ళు కనపడతాయి. జానెడు దూరంలో ఒకటి చొప్పున పెడితే నెలన్నరలో నేల కనపడకుండా కమ్ముకుంటుంది.

గింజలతో వేస్తే ఒకటే జాగ్రత్త, మట్టి కప్పకండి. ఈ గింజ మొలవడానికి వెలుతురు కావాలి, అర సెంటీమీటరు లోతుకి పోయినా పైకి రాదు. గుప్పెడు పొడి ఇసుకలో గింజలు కలిపి, తడిపిన మట్టి మీద చల్లి, అరచేత్తో అద్ది వదిలెయ్యండి. నీళ్ళు బకెట్టుతో కుమ్మరించకుండా చేత్తో చిలకరించండి. నేను మొదటిసారి ఆకుకూర గింజల్లాగే మట్టి కప్పి రోజూ నీళ్ళు పోశాను, మూడు వారాల తర్వాత మొలిచింది తుంగ ఒక్కటే.

ఎప్పుడు వెయ్యాలంటే జూన్‌లో కాలవలకి నీళ్ళు వదిలాక వానలు పట్టే రోజులు మంచివి. దాళ్వా కోతలయ్యి కాలవలు కట్టేసిన తర్వాత ఎండాకాలంలో గట్ల మీద మొక్కలన్నీ మాడిపోతాయి, అందుకే చాలామంది దీన్ని ఏడాది మొక్క అనుకుంటారు. రోజూ కాసిని నీళ్ళు అందితే చావదు. పాత కాడ ఎండినా కణుపుల దగ్గర వేళ్ళు పట్టి కొత్త చిగురు వేస్తూ ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది. మా దొడ్లో నాలుగో ఏడు నడుస్తోంది, మళ్ళీ విత్తింది లేదు.

చీడపీడలు పెద్దగా లేవు. చలికాలంలో ఆకు మీద తెల్లటి బూడిద కనపడితే ఆ కొమ్మలు కోసి పారేస్తే సరి. మన కోనసీమలో వచ్చే గొడవ వేరే ఉంది. పైన కొబ్బరికి సర్పిలాకార తెల్లదోమ పట్టిందనుకోండి, దాని తేనె లాంటి జిగురు కింద ప్రతి ఆకు మీదా పడి, దాని మీద నల్లటి మసి బూజు పెరుగుతుంది. ఈ దోమ మన దేశంలో 2016లో బయటపడింది, అప్పట్నుంచీ కొబ్బరి కింద అంతరపంటలకి ఈ మసి కష్టం తప్పడం లేదు. మసి పట్టిన ఆకుని కడిగి వాడదామని చూడకండి, ఆ జిగురు వదలదు. నేల దగ్గరకి కోసేసి మళ్ళీ చిగురు వచ్చేదాకా ఆగడమే నయం.

కోత ఎప్పుడంటే మొగ్గలు వేసి మొదటి పూలు విచ్చుకునే సమయంలో. మంచు ఆరాక, ఎండ ఎక్కకముందు. నేలకి నాలుగు వేళ్ళ ఎత్తు వదిలి కొడవలితో కోస్తే మళ్ళీ చిగురిస్తుంది. పీకకండి. ఒక మూల మాత్రం కొయ్యకుండా గింజకి వదిలెయ్యండి, తలలు నల్లబడ్డాక దులిపి సీసాలో పోసుకుంటే ఊళ్ళో ఎవరు అడిగినా ఇవ్వచ్చు.

ఇప్పుడు నూనె. చాలామంది గుప్పెడు ఆకు నూనెలో వేసి చిటపటలాడగానే దింపేస్తారు, అది ఆకు వేయించిన నూనె తప్ప మరేం కాదు. పాత వైద్యుల లెక్క ఇది: నూనె ఒక పాలు, రసం నాలుగు పాళ్ళు, ఆకు ముద్ద పావు పాలు. ఇంటి వాడకానికి కొబ్బరి నూనె పావు లీటరు, రసం లీటరు, మెత్తగా నూరిన ముద్ద అరవై గ్రాములు. శాస్త్రంలో నువ్వుల నూనె చెప్పారు, మనకి కొబ్బరి చేతి కింద ఉంది కాబట్టి నేను మంచి కురిడీలు (కాయలోనే ఎండిన కొబ్బరి) ఏరి గానుగ ఆడించిన నూనె వాడతాను. ఆకుని మూడు నీళ్ళలో కడిగి, వేళ్ళూ ముదురు కాడలూ తీసేసి, కాసిని నీళ్ళు చిలకరించి మిక్సీ పట్టి, పలచటి పంచె గుడ్డలో వేసి పిండండి. లీటరు రసం అంటే మీరు అనుకున్నదాని కంటే పెద్ద మోపే కావాలి, సగం ఆకుతో సరిపెట్టి మిగతాది నీళ్ళతో నింపకండి. పిండే ముందు పాత బట్టలు కట్టుకోండి, ఆ మరక జన్మలో పోదు.

గిన్నె పెద్దది తీసుకోండి, మూడు లీటర్లది అయినా ఉండాలి, ఎందుకంటే పొంగుతుంది. నూనె గోరువెచ్చగా అయ్యాక ముద్ద వేసి, రసం పోసి, సన్నటి సెగ మీద వదలండి. మొదటి గంట అంతా నీళ్ళు మరిగే చప్పుడే. కలుపుతూ ఉండాలి, లేకపోతే ముద్ద అడుగంటి మాడు వాసన నూనెకి పడుతుంది. తర్వాత చప్పుడు తగ్గుతుంది, అడుగున ముద్ద బురదలా గరిటెకి అంటుకుంటుంది. ఇక్కడే అందరూ అయిపోయిందనుకుని దింపేస్తారు, నేనూ అలాగే దింపేశాను. రంగు ముదురు పచ్చగా ఎంత బావుందో! పది రోజులకి సీసా అడుగున తెల్లటి తెట్టు, మూత తీస్తే పులిసిన వాసన. రసంలోని తడి నూనెలో మిగిలిపోతే ఇంతే.

పాకం వచ్చిందీ లేనిదీ తెలియాలంటే మా మామ్మ చేసే పరీక్ష చెయ్యండి. గరిటెతో చిటికెడు ముద్ద తీసి, చల్లారాక రెండు వేళ్ళ మధ్య నలిపితే వత్తిలా చుట్టుకోవాలి. ఆ వత్తిని మంటలో పెడితే చిటపట అనకుండా మౌనంగా కాలాలి. చిటపటలాడిందంటే ఇంకా తడి ఉన్నట్టే. అదే సమయానికి నూనె మీద సన్నటి నురుగు లేస్తుంది. ఆ నురుగు కనపడగానే పొయ్యి ఆపెయ్యండి, ఇంకో ఐదు నిమిషాలు అంటే మాడిపోతుంది. మొత్తం రెండు గంటలు పడుతుంది అనుకుని కూర్చోండి. వేడి కాస్త తగ్గాక గుడ్డలో వడకట్టి, ఎండలో ఆరబెట్టిన గాజు సీసాలో పొయ్యండి. తడి చెయ్యి మాత్రం దాన్లో పెట్టకూడదు.

ఫలితం గురించి ఉన్నమాట చెప్తాను. జుట్టు పెరుగుదల మీద ఈ ఆకు పని చేసినట్టు చూపినవి ఎక్కువగా ఎలుకల మీద చేసిన ప్రయోగాలే. తల చల్లగా ఉంటుంది, మాడు పొడిబారదు, జుట్టు చిక్కు పడదు, అది నా అనుభవం. నెరిసిన వెంట్రుక నల్లబడటం మాత్రం మా ఇంట్లో ఎవరికీ జరగలేదు, మామ్మ జుట్టు ముగ్గుబుట్టే. వయ్యారిభామ పడనివాళ్ళకి ఇదీ అదే కుటుంబం కాబట్టి దురద రావచ్చు, మోచేతి మడతలో రాసి ఒక రోజు చూసుకుని తర్వాత తలకి పెట్టుకోండి. కామెర్లకి రసం తాగండి అని చెప్పేవాళ్ళు ఊరికొకరు ఉంటారు, ఆ పని డాక్టర్ని అడగకుండా చెయ్యకండి.

రసం పిండగా ఒక అరగ్లాసు పక్కన పెట్టుకుంటే కాటుక కూడా పట్టచ్చు. తెల్లటి నూలు గుడ్డ, ఉతికి గంజి పోయినది, చేతి రుమాలంత తీసుకుని రసంలో నానబెట్టి నీడన ఆరెయ్యండి. ఆరాక మళ్ళీ ముంచండి. మేము ఏడుసార్లు ముంచుతాం, మూడుసార్లయినా ముంచాలి. చివరికి గుడ్డ నల్లగా, అప్పడంలా గట్టిపడుతుంది. దాన్ని చింపి వత్తి చేసి, ప్రమిదలో ఆముదం పోసి వెలిగించి, అటూ ఇటూ రెండు ఇటుకలు పెట్టి, పైన ఇత్తడి పళ్ళెం బోర్లించండి. వత్తి కొనకీ పళ్ళానికీ మధ్య మూడు వేళ్ళ ఎడం ఉండాలి, గాలి తగలకూడదు. రాత్రి భోజనాలయ్యాక గది మూల పెట్టి, ఆముదం అయిపోయేదాకా మనిషి దగ్గరుండి చూసుకోండి. పళ్ళెం చల్లారాక తిప్పి చూస్తే ముఖమల్‌లా మసి పట్టి ఉంటుంది. తమలపాకు ఈనెతో గీకి, నాలుగు చుక్కల ఆవునెయ్యి వేసి మెదిపి భరిణెలో పెట్టుకోవడమే. నెయ్యి ఎక్కువైతే కరిగి చెంపల మీదకి జారుతుంది, తక్కువైతే మసి రాలుతుంది, చిన్న వేలితో మెదుపుతూ చుక్క చుక్కగా వేసుకోండి.

పసిపిల్లల కళ్ళకి మాత్రం పెట్టకండి, డాక్టర్లు వద్దంటున్నారు, మసి మసే కదా. దిష్టికి కావాలంటే అరికాల్లో ఒక చుక్క పెట్టండి.